చూసి బొమ్మ గీయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎదురుగా ఉన్న వస్తువును చూస్తూ బొమ్మ గీయడం కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు నన్ను అడిగే సందేహాలు ఏళ్ళ తరబడి ఒకటే. అడిగేవాళ్ళు మారతారు, ప్రశ్న మారదు. అందులోనూ సగం ప్రశ్నల అడుగున ఉన్న బాధ ఒక్కటే: "నేను చూసింది ఇది కాదు, కాగితం మీద వచ్చింది వేరు." అందుకే వాటన్నిటినీ వాళ్ళు అడిగిన మాటల్లోనే ఇక్కడ పెట్టాను. మీరిప్పుడు ఏ దశలో ఉంటే ఆ భాగం చదువుకోండి. ఏ జవాబుకా జవాబు విడిగా అర్థమవుతుంది.

## మొదలుపెట్టకముందు

నాకు గీత కూడా తిన్నగా రాదు. నేనెలా నేర్చుకుంటాను?

తిన్నని గీత కావాలంటే స్కేలు ఉంది. చూసి గీసే బొమ్మలో అచ్చంగా తిన్నగా ఉండే గీతలు చాలా తక్కువ. మీ చేతిలో ఎంత నేర్పుందో తెలుసుకోవాలంటే ఒక కాగితం మీద ఖ, ఝ, ఱ, క్ష రాసి చూడండి. ఎన్ని మెలికలు, ఎన్ని ముడులు! ఎక్కడ తిరగాలో, ఎక్కడ ఆగాలో మీ చేతికి చెప్పక్కర్లేదు. కప్పు పిడి గీయడానికి ఇంతకు మించిన నేర్పు అవసరం లేదు. మరి అక్షరం వచ్చినట్టు పిడి ఎందుకు రాదంటే, అక్షరం ఆకారం మీకు కంఠతా వచ్చు. పిడి ఆకారాన్ని మీరింకా ఆగి చూడలేదు. నేర్చుకోవలసినది చాలావరకు ఆ చూపే. చెయ్యి దాని వెనకాలే వస్తుంది.

నలభై దాటాయి. ఇప్పుడు మొదలుపెడితే వస్తుందా?

వస్తుంది. డచ్ చిత్రకారుడు విన్సెంట్ వాన్ గో బొమ్మలే తన పని అని నిర్ణయించుకున్నది 1880లో, 27 ఏళ్ళ వయసులో. అప్పటికే రెండు మూడు వృత్తులు మారాడు. అతని తొలి బొమ్మల్లో మనుషులు బిగుసుకుపోయి ఉంటారు, చేతులు ఒంటికి సరిగ్గా అతకవు. అక్కడి నుంచే అతను మిగతాదంతా నేర్చుకున్నాడు. పెద్ద వయసులో మొదలుపెట్టేవాళ్ళకు ఓపిక ఉంటుందని నేను గమనించాను. ఒకే వస్తువు ముందు అరగంట కూర్చోవడం వాళ్ళకు కష్టమనిపించదు.

ఒక చిన్న మాట కళ్ళద్దాల గురించి. దూరానికీ దగ్గరికీ వేరు వేరు చూపు ఉండే అద్దాలు వాడేవాళ్ళు కాగితాన్ని ఒళ్ళో పెట్టుకుని గీస్తే తల మాటిమాటికీ పైకీ కిందికీ ఆడించాలి, చూసింది మధ్యలో జారిపోతుంది. అట్టను ఏటవాలుగా నిలబెట్టి వస్తువు పక్కనే కాగితం కనబడేలా అమర్చుకోండి.

ఏమేం కొనాలి?

ఒక 2బి పెన్సిల్, ఒక రబ్బరు, మామూలు తెల్ల కాగితాల బొత్తి. పెన్సిల్ మీద ఉండే హెచ్, బి అక్షరాలు గట్టిదనాన్నీ నలుపునూ చెబుతాయి. గ్రాఫైట్ పొడిలో బంకమట్టి కలిపి కాల్చే పద్ధతిని 1795లో నికోలా జాక్ కాంటే కనిపెట్టాడు. మట్టి పాలు పెరిగితే గీత గట్టిగా, లేతగా వస్తుంది, అది హెచ్. తగ్గితే మెత్తగా, నల్లగా వస్తుంది, అది బి. 2బి మధ్యరకం కాబట్టి రెండు పనులకూ సర్దుకుంటుంది.

ఖరీదైన స్కెచ్‌బుక్ మొదట్లోనే వద్దంటాను. దాని మొదటి పేజీ పాడుచేస్తామేమోనని చెయ్యి ఆడదు.

ఫోన్‌లో ఫోటో చూసి గీస్తే సరిపోదా?

ఫోటోలో కష్టమైన పని కెమెరా ముందే చేసేసి ఉంటుంది. లోతున్న లోకాన్ని చదునైన కాగితం మీదికి తేవడమే ఈ విద్యలో అసలు పని. ఫోటోలో అది అయిపోయింది, మీకు మిగిలేది గీతల్ని ఎత్తి రాసుకోవడం. పైగా ఫోన్ కెమెరాతో దగ్గరగా తీసిన ముఖంలో ముక్కు పెద్దదవుతుంది, చెవులు వెనక్కి పోతాయి. నీడల్లో కంటికి కనబడే తేడాలు ఫోటోలో ఒకే నలుపుగా ముద్దకడతాయి. ఎగిరే పక్షి వంటి వాటికి ఫోటో సాయం తీసుకోండి, తప్పులేదు. కానీ వారానికి గీసే బొమ్మల్లో ఎక్కువ భాగం ఎదురుగా ఉన్న వస్తువులవే అయితే మీ చూపు త్వరగా మారుతుంది.

చూసి గీస్తే అది నకలు కదా? సొంత ఊహ ఏమవుతుంది?

ఊహకు సరుకు చూపు నుంచే వస్తుంది. ముడుచుకున్న గుడ్డ మడతలు ఇరవైసార్లు చూసి గీసినవాళ్ళు, ఎదురుగా గుడ్డ లేకపోయినా మడత వేయగలరు. అసలు నకలు అన్నమాటే ఇక్కడ కుదరదు. పదిమంది ఒకే కుర్చీని గీస్తే పది కుర్చీలు వస్తాయి.

## మొదటి వారాల్లో

దేనితో మొదలుపెట్టాలి?

వాడి వాడి అరిగిన బూటుతో. నా సలహా ఎప్పుడూ ఇదే. బూటుకు ఒక స్పష్టమైన ఆకారం ఉంటుంది, కానీ ఏ రెండు బూట్లూ ఒకేలా అరగవు కాబట్టి మనసులో ఉన్న బూటు బొమ్మతో పని జరగదు, చూసి తీరాలి. గీత కాస్త తప్పినా అది బూటులాగే కనబడుతుంది, అందుకని నిరుత్సాహం రాదు. తాళంచెవుల గుత్తి, కత్తెర, నలిపి పడేసిన కాగితం ముద్ద కూడా మంచివే. మనిషి ముఖం, సైకిలు మొదటి వారంలో వద్దు.

చూస్తున్నంతసేపూ బాగానే తెలుస్తుంది. కాగితం మీదికి వచ్చేసరికి వేరే ఏదో అవుతుంది. ఎందుకు?

ఇది మీ లోపం కాదు, చూపు పనిచేసే తీరే అంత. బల్ల మీద పళ్ళెం పెట్టి కాస్త దూరం నుంచి చూడండి. కంటిలో పడే ఆకారం బాగా నొక్కుకుపోయిన గుండ్రం. కానీ పళ్ళెం గుండ్రంగా ఉంటుందని మీకు తెలుసు. తెలిసినదీ కనబడేదీ పోట్లాడుకుంటే సాధారణంగా తెలిసినదే గెలుస్తుంది. 1931లో రాబర్ట్ థౌలెస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీన్ని పరీక్షించి చూపించాడు. ఏటవాలుగా పెట్టిన గుండ్రటి బిళ్ళను చూపించి, కనబడిన ఆకారం చెప్పమంటే, జనం కంటిలో పడే నొక్కుడు ఆకారానికీ అసలు గుండ్రానికీ మధ్యలో ఎక్కడో ఉన్న ఆకారాన్ని చెప్పారు.

మామూలు బతుక్కి ఇది వరం. దూరంగా నిలబడ్డ మనిషి మరుగుజ్జులా అనిపించడు, తలుపు తెరిచినప్పుడల్లా దాని ఆకారం మారిందని మనం కంగారుపడం. బొమ్మ గీసేటప్పుడు మాత్రం ఇదే అడ్డుపడుతుంది. బల్లకు నాలుగు కాళ్ళూ సమానమని తెలుసు కాబట్టి సమానంగా గీస్తాం, తీరా చూస్తే బల్ల గాల్లో తేలుతుంది. కంటికి రెండు కొసలూ మధ్యలో గుడ్డూ ఉంటాయని తెలుసు కాబట్టి పక్కకు తిరిగిన ముఖానికి కూడా ఎదురుగా కనబడే కన్నే పెడతాం.

దీనికి విరుగుడు, వస్తువు పేరు కాసేపు మరిచిపోవడం. "ఇది కాలు" అనుకోకండి. "ఈ ముదురు పట్టీ ఎంత పొడవుంది? పక్కదానికన్నా ఎంత పొట్టిగా ఉంది? ఎటు వాలింది?" అని అడగండి. ఎవరైనా గీసిన బొమ్మను తలకిందులుగా పెట్టి చూసి గీస్తే కూడా ఈ సంగతి అనుభవంలోకి వస్తుంది. తలకిందులైన ముక్కు ముక్కులా అనిపించదు, గీతలా కనబడుతుంది. అప్పుడు చెయ్యి దాన్ని గీతలాగే గీస్తుంది.

కాగితం వైపు చూడకుండా గీయమంటారు. పిచ్చిగీతలు వస్తున్నాయి. దానివల్ల లాభమేంటి?

ఆ అభ్యాసంలో బొమ్మ కోసం వెతక్కండి. వస్తువు అంచు మీద చీమ పాకుతున్నట్టు చూపును నెమ్మదిగా జరుపుతూ, అదే వేగంతో పెన్సిల్‌ను కదపాలి. కాగితం చూడటానికి వీల్లేదు కాబట్టి బాగుందా లేదా అన్న తీర్పుకు తావుండదు, చూపంతా వస్తువు మీదే నిలుస్తుంది. గీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, వేళ్ళు ఆరవుతాయి. కానీ ఒక్క వేలి కణుపు దగ్గర చూడండి, అక్కడి ముడతల గీత మీరు శ్రద్ధగా గీసిన బొమ్మలో కన్నా నిజంగా ఉంటుంది. రోజూ మొదటి అయిదు నిమిషాలు మీ ఎడమ చేతినే ఇలా గీయండి. ఎడమచేతి వాటమైతే కుడి చేతిని.

నా గీత వెంట్రుకల కట్టలా వస్తోంది. ఒక్క గీతలో ఎందుకు రాదు?

చెయ్యి భయపడుతూ, చూపు సగమే చూసి కదిలినప్పుడు చిన్న చిన్న గీతలు వస్తాయి. ఒక అంచు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ముందు కంటితో చూసుకోండి. పెన్సిల్‌ను గాల్లోనే ఆ దారిలో ఒకసారి ఆడించి, తర్వాత ఆగకుండా గీయండి. మణికట్టుతో పాటు మోచెయ్యి కూడా కదలాలి. గీత తప్పితే దాని పక్కనే ఇంకో గీత గీయండి, మొదటిదాన్ని తడుముతూ కూర్చోవద్దు. కొన్నాళ్ళు పెన్నుతో గీస్తే ఈ అలవాటు ఇంకా త్వరగా పోతుంది.

రబ్బరు వాడకూడదంటారు. నిజమా?

వాడొచ్చు, కానీ ఎప్పుడన్నది చూసుకోవాలి. తప్పు గీతను ముందే చెరిపేస్తే, మళ్ళీ గీసేటప్పుడు దేనితో పోల్చుకుంటారు? ఖాళీ కాగితం మీద చెయ్యి తిరిగి అదే తప్పు చేస్తుంది. నేను దీన్ని లెక్కలేనన్నిసార్లు చూశాను. ఒకే భుజాన్ని నాలుగుసార్లు చెరిపి, నాలుగుసార్లూ అదే ఎత్తులో గీస్తారు. తప్పు గీతను అలాగే ఉంచి, దానికన్నా ఇంత కింద, ఇంత లోపలికి అనుకుంటూ రెండో గీత గీయండి. అది సరిపోయాక కావాలంటే మొదటిది తుడవండి. లియొనార్డో డావిన్చి చిత్తు బొమ్మల్లో ఒక్కో కాలికి మూడు నాలుగు గీతలుంటాయి. అవి ఆలోచన జరిగిన జాడలు, వాటిని చూడటం నాకు పూర్తయిన బొమ్మ చూడటం కన్నా ఇష్టం.

నీడ వేసిన చోట వెలుగు చుక్క తీయడానికి రబ్బరు అచ్చంగా పెన్సిల్ లాగే పనిచేస్తుంది. అది వేరే వాడకం.

రోజుకు ఎంతసేపు?

ఇరవై నిమిషాలు, వారంలో అయిదు రోజులు. ఆదివారం ఒక్కరోజే మూడు గంటలు కూర్చోవడం కన్నా ఇది మేలు.

## కొలతల దగ్గర చిక్కుకున్నప్పుడు

ఒక కన్ను మూసి పెన్సిల్ చాచి కొలుస్తారు కదా, అదెలా?

చెయ్యి పూర్తిగా చాచి, మోచెయ్యి వంగకుండా బిగించి, పెన్సిల్‌ను నిలువుగా పట్టుకోండి. ఒక కన్ను మూయండి. పెన్సిల్ పైకొసను వస్తువు పైఅంచుకు ఆనించినట్టు పెట్టి, కింది అంచు ఎక్కడ తగిలితే అక్కడ బొటనవేలు ఉంచండి. ఇది మీ కొల. ఇప్పుడు చెయ్యి వంచకుండానే పెన్సిల్‌ను అడ్డంగా తిప్పి, వస్తువు వెడల్పులో ఈ కొల ఎన్నిసార్లు పడుతుందో చూడండి. కాగితం మీదికి తెచ్చుకోవలసింది ఈ నిష్పత్తినే. సెంటీమీటర్లతో మనకు పనిలేదు.

కన్ను ఎందుకు మూయాలంటే, మన రెండు కళ్ళ మధ్య ఆరు సెంటీమీటర్లకు పైగా దూరం ఉంటుంది, రెండూ రెండు వేరు వేరు చోట్ల నుంచి చూస్తాయి. రెండూ తెరిస్తే పెన్సిలో వస్తువో జంటగా కనబడుతుంది. మోచెయ్యి ఎందుకు వంచకూడదంటే, పెన్సిల్ కంటికి దగ్గరైన కొద్దీ కొల మారిపోతుంది. కొలతలు సరిగ్గా రాలేదనేవాళ్ళలో చాలామంది తప్పు చేసేది ఇక్కడే.

గ్లాసు మూతి ఎప్పుడూ వంకరగా వస్తుంది. ఏం చేయాలి?

మూడు సంగతులు చూసుకోండి. ఒకటి, ఆ నొక్కుడు గుండ్రానికి రెండు పక్కలా మొనలు ఉండవు. అంచు అక్కడ గబుక్కున తిరుగుతుంది, కానీ తిరుగుతుంది. రెండు, మూతి కన్నా అడుగు భాగం ఎక్కువ గుండ్రంగా కనబడుతుంది, ఎందుకంటే అది మీ కంటి ఎత్తుకు ఇంకా కిందకి ఉంది. అచ్చం కంటి ఎత్తులో ఉన్న మూతి ఒట్టి అడ్డగీతలా కనబడుతుంది. గ్లాసును మెల్లగా పైకెత్తి చూస్తే ఇది మీకే తెలుస్తుంది. మూడు, అడుగు బల్ల మీద ఆనింది కదా అని దాన్ని తిన్నని గీతగా గీస్తాం. అదీ ఒంపే. గ్లాసు మధ్యలోంచి ఒక నిలువు గీత లేతగా గీసుకుని, కుడి సగం ఎడమ సగానికి సరిపోయిందో లేదో చూసుకుంటే వంకర ఎక్కడుందో బయటపడుతుంది.

వస్తువును వదిలి చుట్టూ ఉన్న ఖాళీని గీయమంటే అర్థం కావడం లేదు.

కుర్చీ ముందు కూర్చోండి. వెనక ఆనుడుకు రెండు కమ్మీలుంటే ఆ కమ్మీల మధ్యలోంచి గోడ కనబడుతుంది. ఆ గోడ ముక్క ఒక ఆకారం. దానికి పేరు లేదు, అదెలా ఉండాలో మీకు ముందే తెలియదు. అందుకే దాన్ని ఉన్నది ఉన్నట్టు చూస్తారు. అలాంటి ఖాళీ ముక్కలన్నీ ఒకదాని పక్కన ఒకటి గీసి నింపితే, మీరు కుర్చీని గీయకుండానే కుర్చీ వచ్చి కూర్చుంటుంది. మొదటిసారి ఇది జరిగినప్పుడు కలిగే సంతోషం చెబితే అర్థమయ్యేది కాదు. నడుం మీద చెయ్యి పెట్టుకున్న మనిషిని గీసేటప్పుడు, చెయ్యికీ నడుముకూ మధ్య ఖాళీ కూడా ఇలాగే పనికొస్తుంది.

గళ్ళు గీసుకుని వేస్తే మోసం చేసినట్టా?

కాదు. చూసేవాడికీ వస్తువుకూ మధ్య దారాలతో గళ్ళు కట్టిన పలచని తెరను నిలబెట్టుకునే పద్ధతిని 1435లోనే ఇటలీ పండితుడు అల్బర్టీ వివరించాడు. వాన్ గో 1882లో హేగ్‌లో ఉండగా దారాలు కట్టిన చట్రం చేయించుకుని పొలాలకూ సముద్రపు ఒడ్డుకూ మోసుకెళ్ళేవాడు. చట్రంలోంచి చూస్తూ అసలు వస్తువును గీయడం కంటికి గొప్ప శిక్షణ. ఫోటో మీద గళ్ళు కొట్టి ఒక్కో గడినీ ఎత్తి రాయడం వేరు. అందులో బొమ్మ బాగా వస్తుంది, చూపు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఏది చేస్తున్నారో తెలిసి చేయండి.

తల దగ్గర మొదలుపెడితే పాదాలకు చోటు మిగలడం లేదు.

ఏమీ గీయకముందే బొమ్మ పైకొస ఎక్కడ, కింది కొస ఎక్కడ అని రెండు చిన్న గుర్తులు పెట్టుకోండి. తర్వాత సగం గుర్తు. నిలబడ్డ పెద్ద మనిషికి సగం గుర్తు దాదాపు రెండు కాళ్ళూ చీలే చోట పడుతుంది. వివరాలన్నీ ఆ తర్వాతే.

## వెలుగు, నీడ

షేడింగ్ వేస్తే మురికి పట్టినట్టుంటుంది. ఎందుకు?

రెండు కారణాలు. మొదటిది వేలితో రుద్దడం. చేతి జిడ్డు కాగితానికి అంటి గ్రాఫైట్ మచ్చలుగా దిగుతుంది. వేలు పక్కనపెట్టి గీతలతోనే నీడ కట్టండి. అరచేతి కింద ఒక శుభ్రమైన కాగితం ముక్క వేసుకోండి.

రెండోది లోతైన కారణం: ప్రతి భాగానికీ విడివిడిగా నీడ వేయడం. మన కన్ను నీడల విషయంలో మనల్ని బాగా పక్కదారి పట్టిస్తుంది. 1995లో ఎడ్వర్డ్ అడెల్సన్ అనే చూపు శాస్త్రవేత్త తయారుచేసిన గళ్ళ పలక బొమ్మలో ఒకటి నల్లగడిగా, ఇంకొకటి నీడలో పడిన తెల్లగడిగా కనబడతాయి. రెండూ అచ్చంగా ఒకే బూడిదరంగు. చెప్పినా కన్ను నమ్మదు. నీడలో ఉన్న తెల్లచొక్కాను మనం తెల్లగా వదిలేసేది ఇందుకే.

కళ్ళు చికిలించి చూడండి. చిన్న చిన్న వివరాలు కరిగిపోయి రెండు మూడు పెద్ద ముద్దలు మిగులుతాయి: వెలుగు పడిన భాగం, పడని భాగం. పడని భాగం మొత్తాన్ని, అందులో ఏ వస్తువులున్నా సరే, ఒకే లేత బూడిదతో కప్పేయండి. ఆ తర్వాతే అందులో ముదురు చోట్లు వెతకండి. నీడ భాగంలో పక్క వస్తువుల నుంచి తిరిగి పడే కాంతి మెరుస్తున్నట్టు అనిపిస్తుంది, చుట్టూ నలుపుండటం వల్ల. అది వెలుగు భాగంతో సమానంగా తెల్లగా వచ్చిందా, గుండ్రటి వస్తువు గుండ్రదనం పోయినట్టే.

పెన్సిల్‌తో ఎంత రుద్దినా నిజంగా నల్లగా రావడం లేదు.

రాదు. గ్రాఫైట్ మెరుస్తుంది కాబట్టి దాని నలుపుకు హద్దుంది. చిక్కటి నలుపు కావాలంటే బొగ్గుకడ్డీ పట్టండి. లేదా వెలుగు చోట్లను పూర్తిగా తెల్లగా వదలండి, పక్కన తెలుపుంటే ఉన్న నలుపే చాలు.

## మనుషులు, కదిలేవి

ముఖం బాగానే వచ్చింది గానీ వాళ్ళ పోలిక రాలేదు.

ముందు తల ఎత్తు చూడండి. పెద్దవాళ్ళలో కళ్ళు తలకు దాదాపు సరిగ్గా మధ్యలో ఉంటాయి, నడినెత్తి నుంచి గడ్డం దాకా కొలిస్తే. మనం మాట్లాడేటప్పుడు చూసేది కళ్ళనీ నోటినీ కాబట్టి అవి మనసులో పెద్దవైపోతాయి, నుదురు, తల పైభాగం కుంచించుకుపోతాయి. కొత్తగా గీసినవాళ్ళ ముఖాల్లో నూటికి తొంభై ఈ ఒక్క కొలత దగ్గరే తప్పుతాయని చెప్పగలను. పసిపిల్లల్లో కళ్ళు ఇంకా కిందకి, సగం కన్నా దిగువన ఉంటాయి.

పోలిక అనేది కనురెప్పల వెంట్రుకల్లో ఉండదు. వీధి చివర నడిచివస్తున్న మనిషిని ముఖం కనబడకముందే ఎలా పోల్చుకుంటాం? తల మెడ మీద నిలిచిన తీరు, భుజాల వాలు, నుదుటికీ దవడకూ ఉన్న పొంతన. వాటితో మొదలుపెట్టండి. దగ్గరివాళ్ళను గీసేటప్పుడు ముందే చెప్పండి, ఇది నా అభ్యాసం, మీ ఫోటో కాదు అని. ఆ ఒక్క మాటతో మీ ఇద్దరి మనసూ తేలికపడుతుంది.

మనిషి కదిలిపోతే బొమ్మ ఎలా పూర్తిచేయాలి?

పూర్తిచేయక్కర్లేదు. అదే పేజీలో పక్కనే కొత్త బొమ్మ మొదలుపెట్టండి. మనుషులు కొన్ని భంగిమలకే తిరిగి తిరిగి వస్తారు. ఎదురుచూసేవాళ్ళు కాలు మార్చుకుంటారు, మళ్ళీ పాత కాలి మీదికే వస్తారు. ఒకే పేజీలో ఆరు అసంపూర్తి బొమ్మలుంటే, ఏ భంగిమ తిరిగి వచ్చిందో ఆ బొమ్మకు రెండు గీతలు చేర్చుకుంటూ పోవచ్చు.

ముప్ఫై సెకన్లలో, నిమిషంలో, రెండు నిమిషాల్లో గీయడం విడిగా సాధన చేయండి. ముప్ఫై సెకన్లలో అంచులు గీయలేరు. వెన్నెముక ఒంపు, బరువు ఏ కాలి మీద ఉంది, తల ఎటు వాలింది, అంతే. ఈ మూడూ దొరికితే ఆ బొమ్మలో ప్రాణం ఉంటుంది, ముఖం లేకపోయినా.

బయట కూర్చుని గీస్తుంటే ఎవరైనా వెనక నుంచి చూస్తారని బెరుకు.

చిన్న పుస్తకం, పెన్ను తీసుకెళ్ళండి. రాసుకుంటున్నట్టే కనబడుతుంది. గోడకు వీపు ఆనించి కూర్చోండి. ఎవరైనా చూసినా, చాలామంది అనే మాట "నేనూ చిన్నప్పుడు గీసేవాడిని" అని. ఆ మాటలో కాస్త బెంగ వినబడుతుంది నాకు. మీ బొమ్మ బాగోగుల మీద వాళ్ళ ధ్యాస ఉండదు.

## బొమ్మ బాగా రాలేదనిపించినప్పుడు

సగంలోనే తప్పని తెలిసిపోయింది. ఆపేసి కొత్తది మొదలుపెట్టనా?

నా అభిప్రాయం గట్టిగా చెబుతాను: ఆపకండి. ప్రతి బొమ్మకూ మధ్యలో ఒక వికారమైన ఘట్టం ఉంటుంది. మొదటి ఉత్సాహం అయిపోయి, వస్తువు ఇంకా రూపు కట్టని ఘట్టం. ప్రతిసారీ అక్కడే ఆపేస్తే మీకు బొమ్మలు మొదలుపెట్టడం ఒక్కటే వస్తుంది. ఆ ఘట్టం దాటడం ఎలాగో ఎన్నడూ తెలియదు.

తప్పు ఎక్కడో తెలియకపోతే బొమ్మను అద్దంలో చూడండి, లేదా నాలుగడుగులు వెనక్కి వెళ్ళండి. కన్ను అలవాటుపడిన వంకర అద్దంలో ఒక్కసారిగా కనబడుతుంది. దిద్దగలిగితే దిద్దండి. దిద్దలేనంత పెద్ద తప్పయితే అలాగే ఉంచి మిగతా భాగాన్ని శ్రద్ధగా గీయండి. తల పెద్దదైపోయినా చేతులు చూసి నేర్చుకోవడానికి అడ్డేముంది?

1964లో పారిస్‌లో శిల్పి, చిత్రకారుడు జకోమెట్టి తన స్నేహితుడైన రచయిత జేమ్స్ లార్డ్ చిత్రం వేస్తానని అతన్ని కూర్చోబెట్టాడు. కాసేపటి పని అనుకున్నది 18 సార్లు కూర్చోవలసి వచ్చింది. దాదాపు రోజూ ముఖాన్ని తుడిపేసి మళ్ళీ మొదటికి వచ్చేవాడు, చూసింది చూసినట్టు పట్టుకోవడం తనవల్ల కావడం లేదని వాపోయేవాడు. అప్పటికి ఆయనకు 60 ఏళ్ళు దాటాయి, ప్రపంచమంతా పేరుంది. అంతటివాడికీ అది అందలేదని మనం ఊరట పడటానికి ఈ సంగతి చెప్పడం లేదు. అందకపోయినా మర్నాడు మళ్ళీ అదే ముఖం ముందు కూర్చోవడమే ఆయన పని అని చెప్పడానికి.

బాగా రాని పేజీలు చింపేయాలనిపిస్తుంది. ఉంచుకోవాలా?

ఉంచండి. నేను గీయడం మొదలుపెట్టిన తొలి ఏడాది రెండు పుస్తకాలు నింపి, రెండింటినీ చింపి పారేశాను. ఎవరైనా చూస్తారేమోనన్న సిగ్గు అప్పుడు నాకు. ఇప్పుడు కొత్తవాళ్ళు "మీకు ఎంతకాలం పట్టింది?" అని అడిగితే చూపించడానికి ఏమీ లేదు. అంతకన్నా పెద్ద నష్టం, ఏ తప్పు ఎప్పుడు పోయిందో నాకే తెలియదు. ఆ పేజీల కోసం ఇప్పటికీ బాధపడతాను.

నచ్చని పేజీ కళ్ళబడటం కష్టంగా ఉంటే దాని మూలలు క్లిప్పుతో పట్టి ఉంచండి. మూడు నెలల తర్వాత తెరవండి. గీసిన రోజు మీరు చూసింది తప్పుల్నే. మూడు నెలలకు ఆ గది, ఆ మధ్యాహ్నపు ఎండ, పక్కన ఎవరో మాట్లాడిన మాట కూడా ఆ పేజీలోంచి తిరిగి వస్తాయి.

ఆరు నెలలు గీశాక నా బొమ్మలు ఇంకా అధ్వాన్నంగా కనబడుతున్నాయి. వెనక్కి వెళ్తున్నానా?

చాలావరకు కాదు. ఈ విద్యలో చూపు ముందు పదునెక్కుతుంది, చెయ్యి తర్వాత అందుకుంటుంది. మధ్యలో ఉన్న కాలం బాధగా గడుస్తుంది, ఎందుకంటే మొదట్లో కంటికి ఆనని తప్పులన్నీ ఇప్పుడు ఆనుతున్నాయి. పరీక్షించుకోవడానికి తేలిక దారి ఉంది. ఆరు నెలల కిందట గీసిన వస్తువునే మళ్ళీ తెచ్చి, అదే కోణంలో పెట్టి, అంతే సమయంలో గీయండి. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టండి.

జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ డెబ్బై దాటాక, తాను డెబ్బై ఏళ్ళ లోపు గీసిన వాటిలో లెక్కలోకి తీసుకోదగ్గది లేదని రాసుకున్నాడు. ప్రపంచానికి బాగా తెలిసిన అతని పెద్ద కెరటం బొమ్మ దాదాపు ఆ వయసులో వేసినదే.

తప్పుల్ని ఒప్పుకోమంటున్నారు. అంటే ఇక మెరుగుపడక్కర్లేదనా?

ఈ ప్రశ్న నాకు చాలా ఇష్టం, ఎందుకంటే ఒప్పుకోవడాన్ని వదిలేయడంతో కలిపేసేవాళ్ళు ఎక్కువ. "ఎలా వస్తే అలా రానీ, నా శైలి ఇంతే" అనడం వదిలేయడం. అలా అన్నప్పుడు చూడటం కూడా ఆగిపోతుంది. ఒప్పుకోవడంలో చూడటం ఆగదు. "ఎడమ భుజం అరంగుళం పైకి పోయింది, ఎందుకంటే మెడను కొలవకుండా ముఖం నుంచి నేరుగా భుజానికి దిగాను" అని నిదానంగా చెప్పుకోగలగడమే ఒప్పుకోవడం. అలా చెప్పుకోవాలంటే తప్పును భయపడకుండా చూడగలగాలి. "నాకు రాదు, నేను పనికిరాను" అని ఏడుస్తున్న మనసు భుజాన్ని కొలవలేదు.

అందుకని బొమ్మ కింద రెండు వాక్యాలు రాయమంటాను. ఒకటి, నేను నిజంగా చూసి గీసిన చోటు ఏది. రెండు, చూడకుండా తెలిసినట్టు గీసిన చోటు ఏది. బాగుంది, బాగాలేదు అన్న మాటలు అందులో ఉండకూడదు. కొత్తవాళ్ళ బొమ్మలో కూడా నిజంగా చూసిన చోటు ఒక్కటైనా ఉంటుంది, ఒక చెవి తమ్మె కావచ్చు, చొక్కా గుండీ దగ్గర లాగిన మడత కావచ్చు. ఆ చోటు మిగతా బొమ్మ కన్నా భిన్నంగా ఉంటుంది, ఎవరికి చూపించినా వేలు అక్కడే పెడతారు.

అచ్చం ఫోటోలా గీసేవాళ్ళను చూస్తే నేనెందుకు గీస్తున్నానా అనిపిస్తుంది.

అలాంటి బొమ్మల వెనక పదుల గంటల పని, చాలాసార్లు ఫోటో ఆధారం ఉంటాయి. మీ ఇరవై నిమిషాల బొమ్మను దానితో పోల్చడం న్యాయం కాదు. పోల్చుకోవాలంటే పెద్ద చిత్రకారుల చిత్తు బొమ్మలు వెతికి చూడండి. రెంబ్రాంట్ కలం బొమ్మల్లో చెయ్యి అంటే నాలుగు గీతలు, ఒక్కోసారి వేళ్ళే ఉండవు. అయినా ఆ చెయ్యి దేన్నో పట్టుకున్న సంగతి తెలిసిపోతుంది.

ఎవరికైనా చూపించాలా?

మొదటి మూడు నెలలు అక్కర్లేదు. తర్వాత, గీసే అలవాటున్న ఒకరిద్దరికి చూపించండి. "ఎలా ఉంది?" అని అడగకండి. "కుర్చీ నేల మీద నిలబడిందా?" అని అడిగితే పనికొచ్చే జవాబు వస్తుంది.

బొమ్మ పూర్తయిందని ఎలా తెలుస్తుంది?

చివరి అయిదు నిమిషాలు ఏం చేశారో గుర్తుచేసుకోండి. వస్తువు వైపు ఎన్నిసార్లు తల ఎత్తారు? ఒక్కసారి కూడా ఎత్తకుండా కాగితం మీదే గీతలు దిద్దుతూ, నలుపు పెంచుతూ ఉన్నారంటే బొమ్మ కాసేపటి కిందటే అయిపోయింది. పెన్సిల్ పక్కన పెట్టండి. కాగితం మూలన తేదీ, పట్టిన సమయం రాయండి. గ్రాఫైట్ ఎదుటి పేజీకి అంటుకుంటుంది కాబట్టి మధ్యలో ఒక పలచని కాగితం వేసి పుస్తకం మూయండి.